హెరాల్డ్‌కి ఐదో గేరు: నెల్లూరులో మేం చేసిన గేర్‌బాక్స్ మార్పిడి

హెరాల్డ్ కారు నడిపినవాళ్లకు ఫస్ట్ గేరు బాధ చెప్పక్కర్లేదు. బండి పూర్తిగా ఆగితే తప్ప ఆ గేరు పడదు. బండి కదులుతుండగా గేరు పళ్ల వేగాలు కలిపి మెత్తగా పడనిచ్చే సింక్రో రింగ్ దానికి లేదు. స్పీడ్‌బ్రేకర్ దగ్గర నడక వేగానికి వచ్చాక సెకండ్‌లో ఇంజిన్ లాగలేక వణుకుతుంది, ఫస్ట్ కొడితే పళ్లు గర్రుమంటాయి. డబుల్ క్లచ్ వేసి, అంటే క్లచ్ రెండుసార్లు నొక్కి, మధ్యలో కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, ఆ అదను చూసి నెడితే దిగుతుంది. ఖాళీ రోడ్డు మీద అదొక సరదా. సాయంత్రం పూట నెల్లూరు ట్రంకు రోడ్డులో ముందు ఆటో, వెనక ఆర్టీసీ బస్సు ఉన్నప్పుడు మాత్రం టెన్షనే.

మా బండి 1965 మోడల్, రెండు డోర్ల స్టాండర్డ్ హెరాల్డ్. మా పెదనాన్న మద్రాసులో కొన్నారు. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ పేరుతో 1959లో వచ్చిన ఈ కారును 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారు చేశారు. దీని రూపం గీసింది ఇటలీ డిజైనర్ మికెలోట్టి. 948 సీసీ ఇంజిన్, బాడీకి విడిగా ఇనుప ఛాసిస్, వెనక చక్రాలకు వేటికవే కదిలే సస్పెన్షన్. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకి తల్లి మన హెరాల్డే. ఈ ఛాసిస్‌నే పొట్టి చేసి దాన్ని కట్టారు. అందుకే స్పిట్‌ఫైర్‌కి గేర్‌బాక్స్ మార్చినవాళ్లు ఎదుర్కొన్న తిప్పలన్నీ హెరాల్డ్‌కీ వర్తిస్తాయి. స్పిట్‌ఫైర్ నెల్లూరులో దొరకదు, హెరాల్డ్ మా షెడ్డులో ఉంది.

పాత గేర్‌బాక్స్ చివరి దశకు వచ్చేసింది. థర్డ్‌లో యాక్సిలరేటర్ వదిలితే గేరు జారి న్యూట్రల్‌లోకి వచ్చేది. కింద లే షాఫ్ట్ (గేర్‌బాక్స్‌లో అడుగున తిరిగే పళ్ల కడ్డీ) దగ్గర నీడిల్ బేరింగులు అరిగిపోయి, షాఫ్ట్ మీదే గాడులు పడ్డాయి. ఒకసారి రిపేరు చేయించాం. మళ్లీ అదే మోత. కొత్త షాఫ్ట్, కొత్త సింక్రో రింగులు ఇంగ్లండ్ నుంచి తెప్పించుకోవచ్చు. తెప్పించినా చేతికొచ్చేది అదే నాలుగు గేర్ల పెట్టె, సింక్రో లేని అదే ఫస్ట్. అప్పుడే ఐదు గేర్ల పెట్టె పెడదామన్న ఆలోచన గట్టిపడింది.

నేను మెకానిక్‌ని కాను, రొయ్యల చెరువులకు మోటార్లు, ఏరియేటర్లు అమ్ముకునేవాణ్ణి. కానీ ఈ పనిలో మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు దాకా దగ్గరున్నాను. గేర్‌బాక్స్ తెచ్చి బిగించడమే పని అని అందరూ అనుకుంటారు. అసలు కష్టమంతా ఇంజిన్‌లో తిరిగే ప్రధాన కడ్డీ అయిన క్రాంకూ కొత్త గేర్‌బాక్స్ షాఫ్టూ ఒకే గీత మీద నిలిచేలా చెయ్యడంలో ఉంది. మిగతావి అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. సెంటర్ తప్పితే సర్దుకోవడం కుదరదు.

ఏ గేర్‌బాక్స్ పెట్టాలన్న దాని మీదే చాలా రోజులు నడిచింది. ఇంజిన్ పొడవునా ఉండి వెనక చక్రాలను నడిపే బండిదే కావాలి. కాబట్టి మారుతి 800, ఆల్టో లాంటివి మొదట్లోనే పోయాయి. అంబాసిడర్ ఇసుజు పెట్టె బలమైనదే. 35 హార్స్‌పవర్‌కి అటూఇటూగా ఉండే మా ఇంజిన్‌కి అంత బరువు అనవసరం. చివరికి మారుతి జిప్సీ జీపు దగ్గర ఆగాం. 1996లో వచ్చిన జిప్సీ కింగ్ 1.3 లీటర్ల ఇంజిన్‌కి ఐదు గేర్ల పెట్టె ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయినా ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే దాని ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్‌కి అతుక్కుని ఉండదు. మధ్యలో చిన్న షాఫ్ట్ ఉండి, ట్రాన్స్‌ఫర్ కేసు విడిగా వెనక ఉంటుంది. ఆ షాఫ్ట్ తీసేస్తే మిగిలేది మామూలు రియర్ వీల్ డ్రైవ్ గేర్‌బాక్సే. సన్నగా ఉంటుంది, హెరాల్డ్ ముందు సీట్ల మధ్య ఉండే టన్నెల్‌లో పడుతుంది. సైన్యంలోనూ పోలీసుల్లోనూ ఏళ్ల తరబడి తిరిగిన బండి కాబట్టి స్పేర్లకు కొరత లేదు.

గేర్ల నిష్పత్తులు, అంటే వెనక షాఫ్ట్ ఒక చుట్టుకి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క, చూశాక నాకు మరీ నచ్చింది. హెరాల్డ్ పాత పెట్టెలో ఫస్ట్ 4.27, సెకండ్ 2.46, థర్డ్ 1.45, టాప్ 1.00. జిప్సీలో ఫస్ట్ 3.65, సెకండ్ 1.95, థర్డ్ 1.42, ఫోర్త్ 1.00, ఫిఫ్త్ 0.795. అంటే థర్డ్, ఫోర్త్ దాదాపు పాతవే. ఫస్టూ సెకండూ కాస్త పొడవయ్యాయి, అంటే అదే ఇంజిన్ వేగానికి బండి ఇంకొంచెం వేగంగా పోతుంది, పైన ఒక గేరు కొత్తగా వచ్చింది. పాత పెట్టెలో సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య పెద్ద గొయ్యి ఉండేది. ఎత్తు ఎక్కేటప్పుడు సెకండ్‌లో ఇంజిన్ అరుస్తుంది, థర్డ్ వేస్తే చచ్చిపోతుంది. జిప్సీలో ఆ గొయ్యి దాదాపు పూడిపోతుంది. ఐదో గేరు కంటే నాకు ఇదే ముఖ్యమనిపించింది. వెనక చక్రాల మధ్య ఉండే మా డిఫరెన్షియల్ నిష్పత్తి 4.875 కాబట్టి ఫస్ట్ పొడవైనా బండి కదలడానికి ఇబ్బంది ఉండదని లెక్క వేసుకున్నాం. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర టాప్‌లో ఇంజిన్ నిమిషానికి సుమారు 3,600 చుట్లు తిరుగుతుంటే, ఐదో గేరులో 2,900 లోపే తిరగాలి.

ఈ పని చేసిన మా మెకానిక్ మేస్త్రీతో ముందే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. కొయ్యాల్సి వస్తే జిప్సీ సామాను కొయ్యాలి, హెరాల్డ్‌ది ఒక్క ముక్క కూడా కొయ్యకూడదు. ఛాసిస్‌లో కొత్త బెజ్జం పడకూడదు. ఎప్పుడైనా ఎవరైనా పాత గేర్‌బాక్స్ తిరిగి పెట్టాలనుకుంటే మామూలు స్పానర్లతో పెట్టగలగాలి. తమిళ, తెలుగు దేశాల్లో మిగిలిన హెరాల్డులే తక్కువ. వాటిలో ఒకదాన్ని మన అవసరానికి కోసేసే హక్కు మనకు లేదని నా అభిప్రాయం. ఈ కట్టుబాటు వల్ల పని రెట్టింపు అయింది. అయినా ఫరవాలేదు.

గేర్‌బాక్స్ చెన్నై పుదుపేటలో దొరికింది. పుదుపేటలో పాత గేర్‌బాక్స్ కొనేటప్పుడు మా మేస్త్రీ చేసిన పరీక్ష చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు డ్రెయిన్ ప్లగ్ విప్పి, దాని అయస్కాంతం మీద అంటిన మసిని వేళ్ల మధ్య నలిపాడు. మెత్తగా సిరాలా ఉంటే మామూలు అరుగుదల. పలుకులు తగిలితే పళ్లు విరిగాయని అర్థం. తర్వాత ముందు షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందకీ ఊపాడు. ఒక్కో గేరూ వేసి షాఫ్ట్‌ని చేత్తో తిప్పి, వెనక ఫ్లాంజ్ (షాఫ్ట్ చివర బోల్టులు బిగించే బిళ్ల) ఎన్ని చుట్లు తిరుగుతుందో చాక్‌పీసు గీతతో లెక్కపెట్టాడు. ముందు షాఫ్ట్ మూడు చుట్లు పూర్తయి నాలుగోది సగం దాటాక వెనకది ఒక చుట్టు పూర్తయితే అది ఫస్ట్. ఐదోది వేసినప్పుడు వెనకదే ఎక్కువ తిరిగింది. అప్పుడు గానీ బేరం మొదలుపెట్టలేదు. 18 వేలకు ఇచ్చారు. జిప్సీ క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, గేరు రాడ్ కూడా అదే కొట్లో అడిగి తీసుకున్నాం.

పాతది విప్పడం హెరాల్డ్‌లో భలే సుఖం. ముందు బానెట్టు మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకు పడుకుంటుంది. టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. గేర్‌బాక్స్ కింద నుంచి కాకుండా లోపల నుంచి వస్తుంది. ముందు సీట్లు తీసి, మధ్యలో ఉన్న టన్నెల్ కవర్ స్క్రూలు విప్పితే గేర్‌బాక్స్ కళ్ల ముందుంటుంది. ఇంజిన్ కింద జాకీ ఆన్చి, వెనక చక్రాల వైపు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, గేర్‌బాక్స్ ముందు గంట ఆకారంలో క్లచ్‌ని కప్పే బెల్ హౌసింగ్ బోల్టులు తీసి, ఇద్దరం చెరో వైపు పట్టుకుని ప్యాసింజర్ డోర్లోంచి బయటకు తెచ్చాం.

ఆటోనగర్ లేత్ దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి మేస్త్రీ రెండింటినీ పక్కపక్కన చూసి, "ఏంది సామీ ఇది, దాని మూతికి దీని మూతి ఎట్టా అతుకుద్ది?" అన్నాడు. ఆయన మాట నిజమే. బోల్టుల బెజ్జాలు ఒక్కటీ కలవవు. మధ్యలో ఒక పలక ఉండాలి. దానికి ఒక వైపు హెరాల్డ్ బెజ్జాలు, ఇంకో వైపు జిప్సీ బెజ్జాలు. అదే అడాప్టర్ ప్లేట్.

హెరాల్డ్ ఇంజిన్ వెనక సన్నటి ఇనుప బ్యాక్ ప్లేటు ఉంటుంది. దాన్ని విప్పి తెచ్చాం. బెజ్జాల నకలు తీయడానికి అంతకంటే మంచి అచ్చు ఉండదు. కొత్త పలక అల్యూమినియంది. దాని మందం ఎంత ఉండాలన్నది మనిష్టం కాదు, గేర్‌బాక్స్ ముందు షాఫ్టే నిర్ణయిస్తుంది. ఆ షాఫ్ట్ చివరి ముక్కు క్రాంక్ వెనక ఉండే బుష్‌లో (చిన్న లోహపు గొట్టం) కూర్చోవాలి. దాని స్ప్లైన్లు (పొడవాటి గాడులు) క్లచ్ ప్లేటు మధ్యలో పూర్తిగా పట్టుకోవాలి. ముక్కు పోయి క్రాంక్‌కి గుద్దుకోకూడదు. బెల్ హౌసింగ్ అంచు మీద స్కేలు అడ్డంపెట్టి వెర్నియర్‌తో ముక్కు దాకా లోతు కొలిచాం, ఇటు బ్యాక్ ప్లేటు నుంచి క్రాంక్ బెజ్జం అడుగు దాకా కొలిచాం. ఆ కొలతల్లోంచి తీసేస్తే పలక మందం వచ్చింది. లోపల క్లచ్‌ని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు ఎక్కడైనా బెల్ హౌసింగ్‌కి తగులుతుందేమోనని పిల్లలు ఆడుకునే క్లే ముద్దలు అంటించి, ఒకసారి బిగించి విప్పాం. ముద్ద పల్చబడిన చోట ఎంత మిగిలిందో అదే ఖాళీ.

లేత్ మేస్త్రీ లారీ క్రాంకులు, చీమకుర్తి గ్రానైట్ కటింగ్ మెషిన్ల షాఫ్టులు చేసిన మనిషి. ఆయన పెద్దగా మాట్లాడడు. నేను కాగితం మీద గీసుకెళ్లిన డ్రాయింగ్ చూసి పక్కన పెట్టి, "కాయితం కరెక్టేలే అబ్బయా. దాన్ని నమ్మి డోవెల్ పిన్ను కొట్టొద్దు" అన్నాడు. ఆ మాట విలువ తర్వాత అర్థమైంది.

డోవెల్ పిన్ను అంటే రెండు భాగాలను ఎప్పుడు విప్పి బిగించినా అదే చోట కూర్చోబెట్టే కడ్డీ. బోల్టుకి బెజ్జంలో కొంచెం వదులుంటుంది, డోవెల్‌కి ఉండదు. సెంటర్‌ని కాపాడేది డోవెల్లే. ఆయన పలకకి బోల్టుల బెజ్జాలు కొంచెం పెద్దవిగా వేశాడు, డోవెల్ బెజ్జాలు అసలు వెయ్యలేదు. పలకనీ, ఖాళీ బెల్ హౌసింగ్‌నీ ఇంజిన్ వెనక వదులుగా బిగించాడు. క్రాంక్ వెనక తిరిగే బరువైన ఫ్లైవీల్ చక్రం మీద అయస్కాంతపు స్టాండు పెట్టి డయల్ గేజ్ దానికి తగిలించాడు. గేజ్ సూది మొన బెల్ హౌసింగ్ మధ్య బోర్ (గుండ్రటి రంధ్రం) లోపలి అంచుని తాకుతోంది. క్రాంక్‌ని చేత్తో మెల్లిగా తిప్పమన్నాడు. నేను ముందు పుల్లీ దగ్గర స్పానర్ పెట్టి తిప్పుతున్నాను, ఆయన సూదిని చూస్తున్నాడు. క్రాంక్‌తో పాటు గేజ్ కూడా బోర్ చుట్టూ తిరుగుతుంది. సెంటర్ కుదిరితే సూది కదలదు. మాది మొదటిసారి పైనుంచి కిందికి వచ్చేసరికి 22 థౌలు చూపించింది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మామూలు పద్ధతిలో ఈ కొలత ఐదు థౌలు దాటకూడదు.

అప్పుడు మొదలైంది అసలు పని. ఆయన చిన్న రాగి సుత్తితో బెల్ హౌసింగ్ పక్కన ఒక్క దెబ్బ, వినీ వినపడనట్టు తట్టేవాడు. నేను ఒక చుట్టు తిప్పాలి. సూది చూసి, పావు చుట్టు దగ్గర ఆపమని, మళ్లీ తట్టేవాడు. పైకీ కిందకీ కుదిరితే పక్కకి తప్పేది. పక్కకి కుదిరించాక బోల్టు బిగిస్తే మళ్లీ కొంచెం జరిగేది. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. చివరికి బోల్టులన్నీ పూర్తిగా బిగించిన తర్వాత కూడా సూది మూడు థౌల లోపే ఊగింది. ఆ స్థితిలోనే, ఏదీ కదపకుండా, రెండు వైపులా డోవెల్ బెజ్జాలు వేసి, రీమర్‌తో బెజ్జాలు నున్నగా కొలతకి తెచ్చి, పిన్నులు కొట్టాడు. బోర్ అయ్యాక బెల్ హౌసింగ్ ముఖం మీద కూడా గేజ్ పెట్టి చూశాడు. బోర్ సెంటర్లో ఉన్నా ముఖం వాలిపోతే షాఫ్ట్ వంకరగా నిలుస్తుంది.

సెంటర్ తప్పితే ఏమవుతుందో తెలియక చాలామంది ఈ పని ఎగ్గొడతారు. బండి మొదట్లో బాగానే నడుస్తుంది. మెల్లిగా గేర్లు పడటం బరువవుతుంది. క్లచ్ నొక్కినా షాఫ్ట్ పూర్తిగా విడిపోదు. క్రాంక్ బుష్ ఒక పక్క అరుగుతుంది, ముందు బేరింగ్ ఏడుస్తుంది, చివరికి క్లచ్ ప్లేటు మధ్య హబ్బు చీలుతుంది. అప్పుడు తప్పు గేర్‌బాక్స్ మీదికి నెడతారు. మంచి గేర్‌బాక్సులు ఇలా స్క్రాపుకు పోయాయి.

బుష్ సంగతి కొంచెం చెప్పాలి. జిప్సీ షాఫ్ట్ ముక్కు లావు వేరు, హెరాల్డ్ క్రాంక్ బెజ్జం వేరు. పలక మందం వల్ల ముక్కు కొంచెం వెనకే ఆగుతుంది. అందుకని బయట కొలత క్రాంక్‌కీ, లోపల కొలత జిప్సీ ముక్కుకీ సరిపోయేలా, వెనక్కి కొంచెం పొడుచుకొచ్చేలా గన్‌మెటల్‌తో కొత్త బుష్ తయారైంది. క్లచ్ ప్లేటు చెన్నైలోనే, క్లచ్‌లు రీబిల్డ్ చేసేవాళ్ల దగ్గర చేయించాం. మధ్య హబ్బు జిప్సీది, చుట్టూ లైనింగ్ హెరాల్డ్ సైజుది. ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటు హెరాల్డ్‌వే ఉంచాం కాబట్టి స్టార్టర్ మోటారు కూడా పాతదే, పాత చోటే. దాని కోసం జిప్సీ బెల్ హౌసింగ్ అంచుని ఒక చోట కోశాం. రిలీజ్ బేరింగ్ కూడా హెరాల్డ్‌దే, జిప్సీ ముక్కు గొట్టం మీద జారేలా దానికి కొత్త స్లీవ్. జిప్సీలో క్లచ్‌ని కేబుల్ లాగుతుంది, హెరాల్డ్‌లో హైడ్రాలిక్ సిలిండర్ నెడుతుంది. బెల్ హౌసింగ్ పక్కన బ్రాకెట్టు వేసి, పాత సిలిండర్ జిప్సీ ఆర్మ్‌ని నెట్టేలా అమర్చాం. పెడల్ దగ్గర ఏ తేడా లేదు.

వెనక మౌంటుకి ఛాసిస్‌లో ఉన్న పాత బెజ్జాలకే బిగిసేలా కొత్త అడ్డపట్టీ కట్టించాం. ప్రొపెల్లర్ షాఫ్ట్ విషయంలో హెరాల్డ్ మళ్లీ సాయం చేసింది. దీని డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది, చక్రాలతో పాటు ఎగరదు. కాబట్టి షాఫ్ట్ పొడవు నడుస్తుండగా మారదు. వేరే గొట్టం తీసుకుని, ఒక చివర జిప్సీ ఫ్లాంజ్, ఇంకో చివర హెరాల్డ్ ఫ్లాంజ్ పెట్టి బ్యాలెన్స్ చేయించాం. పాత షాఫ్ట్ ముట్టుకోలేదు.

గేరు రాడ్ పాత చోటుకంటే వెనకగా వచ్చింది. కొలిమిలో కాల్చి ముందుకు వంచితే చెయ్యి అలవాటుగా పడే చోటికే చేరింది. కానీ టన్నెల్ కవర్ సరిపోలేదు. దాన్ని కొయ్యం కదా. జువ్వలదిన్నె వైపు ఫైబర్ పడవలు రిపేరు చేసే ఆయనొకాయన మాకు తెలుసు. పాత కవర్ మీద మట్టితో ఉబ్బు కట్టి, దాని మీద ఫైబర్ మ్యాట్, రెజిన్ వేసి కొత్త కవర్ తీశాడు. పడవ పగుళ్లు పూడ్చే మనిషికి ఇదొక లెక్క కాదు. లోపల వైపు వేడి తగలకుండా ఫెల్టు అంటించుకున్నాం. పాత కవర్ మేడ మీద భద్రంగా ఉంది.

స్పీడోమీటర్ దగ్గర మాత్రం చిక్కు పడింది. జిప్సీలో స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది, గేర్‌బాక్స్ నుంచి రాదు. మనం ట్రాన్స్‌ఫర్ కేసు పెట్టలేదు కాబట్టి కేబుల్ తగిలించే చోటే లేదు. జిప్సీ గేర్‌బాక్స్ వేరే బండికి పెట్టాలనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి. మేం ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజ్ మీద చిన్న అయస్కాంతం, పక్కన సెన్సర్ పెట్టి, చుట్టుకి ఎంత దూరమో సెట్ చేసుకునే చిన్న డిజిటల్ మీటర్ డ్యాష్‌బోర్డు కింద అమర్చాం. గుండ్రటి పాత మీటర్ సూది ఇప్పుడు సున్నా మీదే ఉంటుంది. ఈ మార్పిడిలో నాకు నిజంగా బాధ కలిగించింది ఇదొక్కటే.

ఆయిల్ గురించి ఒక్క మాట. జీఎల్-4 రకం 75డబ్ల్యూ-90 గేరు ఆయిల్ పోశాం. కొట్లో జీఎల్-5 ఇంకా మంచిదని చెప్పి ఇవ్వబోతారు. డిఫరెన్షియల్‌కి అది సరే, కానీ అందులో ఎక్కువగా ఉండే గంధకపు రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులకు మంచివి కావు.

మొదటి రోజు ఆటోనగర్ లోపలి రోడ్లలోనే తిప్పాం. ఫస్ట్ గేరు, బండి మెల్లిగా కదులుతుండగా, పడింది. చప్పుడు లేదు. మా మేస్త్రీ పక్క సీట్లో కూర్చుని, "ఇంకోపాలి వెయ్ సామీ" అని మళ్లీ మళ్లీ వేయించాడు. మరుసటి వారం హైవే మీద 50 దాటాక కింద నుంచి సన్నటి వణుకు మొదలైంది. వేగం పెరిగితే పెరిగింది, గేరు మార్చినా పోలేదు, న్యూట్రల్‌లో కూడా ఉంది. గేరుతో సంబంధం లేదంటే అది ప్రొపెల్లర్ షాఫ్ట్ సంగతే. కొత్త మౌంటు రబ్బరు బరువుకి కూర్చుని గేర్‌బాక్స్ తోక కొంచెం దిగింది. షాఫ్ట్ రెండు చివర్ల క్రాసుల (వంగే కీళ్ల) కోణాలు సమానంగా ఉంటేనే ఒకదాని ఊపు ఇంకొకటి తీసేస్తుంది. అడ్డపట్టీ కింద వాషర్లు వేసి తోక లేపగానే వణుకు పోయింది.

తర్వాత నెల్లూరు నుంచి ఒంగోలు దాకా, 120 కిలోమీటర్ల దూరం, తెల్లవారుజామున బయల్దేరి వెళ్లాను. కావలి దాటాక రోడ్డు ఖాళీ. 75, 80 దగ్గర ఐదో గేరు వేస్తే ఇంజిన్ మోత సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తుంది. పక్కన కూర్చున్న మనిషితో మామూలు గొంతుతో మాట్లాడొచ్చు. ఇదివరకు ఈ బండిలో హైవే మీద అరుచుకోవాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి కొట్టింది. అప్పుడు ఐదో గేరులో బండి వేగం మెల్లిగా పడిపోతూ వచ్చింది, ఫోర్త్‌కి దింపాల్సి వచ్చింది. 35 హార్స్‌పవర్ ఇంజిన్‌కి ఐదో గేరు బలం ఇవ్వదు, విశ్రాంతి ఇస్తుంది. సమతలంలో, గాలి లేనప్పుడు, నిలకడగా పోవడానికే అది. దాంతో వందకి పైగా పోదామనుకునేవాళ్లకి నేను వద్దనే చెప్తాను. డ్రమ్ము బ్రేకులు, ఆ వెనక స్వింగ్ యాక్సిల్ అలాగే ఉన్నాయి. మలుపులో హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రాలు లోపలికి ముడుచుకునే స్వభావం గేర్‌బాక్స్ మారిస్తే మారదు.

పొదలకూరు, రాపూరు మీదుగా పెంచలకోన వెళ్లి, అక్కణ్ణుంచి వెనక్కొచ్చి రాపూరు, చిట్వేలి ఘాట్ ఎక్కినప్పుడు లెక్కలన్నీ నిజమయ్యాయి. ఫస్ట్ నుంచి సెకండ్‌కి దూకుడు ఎక్కువ, అది ఒప్పుకోవాల్సిందే. హెయిర్‌పిన్ మలుపుల్లో సెకండ్ కొంచెం నీరసపడుతుంది. కానీ ఇప్పుడు అక్కడే మలుపు మధ్యలో ఫస్ట్ వెయ్యొచ్చు. మలుపు దాటాక సెకండ్, వెంటనే థర్డ్. పాత పెట్టెతో థర్డ్ వేసిన ప్రతిచోటా ఇంజిన్ కూలబడేది, ఇప్పుడు దాని ఊపులోనే ఎక్కేస్తోంది. ఆ ఘాట్ మీద పెదనాన్న సెకండ్‌లోనే మొత్తం ఎక్కించేవారు. ఇంజిన్ అరుపు కొండలో మోగేది.

కాగితాల సంగతి చాలామంది అడుగుతున్నారు. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, బాడీ, సీసీ, ఇంధనం ఏవీ మారలేదు కాబట్టి ఆర్‌సీలో రాసి ఉన్నదేదీ మారలేదు. ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. దాన్ని గట్టిగా పాటించాలని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది. అందుకే ఇంజిన్ మార్చే ఆలోచన ఎవరు చెప్పినా నేను వినలేదు. ఇన్సూరెన్స్ వాళ్లకు మాత్రం గేర్‌బాక్స్ మార్చిన సంగతి రాతపూర్వకంగా తెలియజేశాను. ఖర్చు, చెన్నై ప్రయాణాలతో సహా, లక్షలోపు అయింది. అందులో లేత్ పనికి పోయినంత దేనికీ పోలేదు, ఆ డబ్బు ఇచ్చేటప్పుడు నాకు కొంచెం కూడా వెనకాడాలనిపించలేదు.

ఇంకా మిగిలిన పని ఉంది. వెనక ఫ్లాంజ్ సీలు దగ్గర సన్నగా ఆయిల్ చెమ్మ తగులుతోంది, వానలు తగ్గాక విప్పాలి. పాత గేర్‌బాక్స్‌కి లే షాఫ్ట్ ఇంగ్లండ్ నుంచి తెప్పించి, పూర్తిగా బాగుచేసి, గ్రీజు పూసి చెక్కపెట్టెలో పెట్టించాలనుకుంటున్నాను. ఒంగోలులో హెరాల్డ్ ఉన్న ఒకాయన ఈ మధ్య వచ్చి బండి నడిపి, అడాప్టర్ ప్లేట్ డ్రాయింగ్ అడిగి తీసుకెళ్లారు. బోల్టుల బెజ్జాలు అందులో ఉన్నట్టే వేసుకోమన్నాను. డోవెల్ బెజ్జాల కొలతలు మాత్రం రాసివ్వలేదు. అవి ఆయన ఇంజిన్ మీద, డయల్ గేజ్ పెట్టి చూసుకున్నాకే వెయ్యాలి.